పార్కు ఎదుటి పోర్షన్

మా ఇంటి ముందు స్కూటర్ పెట్టుకోవడానికి ఇప్పుడు చోటు దొరకడం లేదు. ఎవరెవరో కార్లలో వచ్చి మా చంపాపేట్ పార్కులో నడుస్తున్నారు.

ఒకప్పుడు అది కాలనీ అంతా క్రమశిక్షణతో చెత్త వేసిన ఖాళీ స్థలం. మా కింది పోర్షన్‌లో కిరాయికుండే పోచంపల్లి అత్త అక్కడ మొక్కలు నాటింది. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసేది. చీర నూలుకు రంగు అద్దే ముందు పోగులు కట్టినట్టు, ప్రతి మొక్కనూ కర్రకు నూలుతో బిగించి కట్టేది.

"దానికి ఊపిరాడుతదా అత్తా?" అన్నానొకసారి.

"మెడకు టై కట్టుకొని తిరిగేటోనివి, నువ్వడుగుతున్నవా?" అంది.

మొక్కలు చెట్లయ్యాక మున్సిపాలిటీ వాళ్ళు కంచె వేసి, బెంచీలు పెట్టి, దాన్ని పార్కన్నారు. మా నాన్న కూడా పచ్చదనానికి చలించి కిరాయి రెట్టింపు చేశాడు. "పార్కు ముంగటి ఇల్లు గదమ్మా," అన్నాడు ఆమెతో. నేను పక్కనే కూర్చుని చాలా శ్రద్ధగా పేపరు చదివాను. నెల తిరక్కుండా అత్త బడంగ్‌పేట్‌కు మారిపోయింది.

కొత్తగా దిగినవాళ్ళు మంచివాళ్ళే. బియ్యం కడిగిన నీళ్ళు సింకులో పోస్తారు.

ఉండబట్టలేక మొన్న ఆమెను చూడ్డానికి వెళ్ళాను. ఆ ఇంటి పక్కన కూడా చెత్త నిండిన ఖాళీ ప్లాటే.

"ఇక్కడ మొక్కలెప్పుడు పెడతవత్తా?" అన్నాను.

"ఈ ఇంట్లనన్న నన్ను ఉండనియ్యి," అంది.