మా పాట పుట్టింటికి వెళ్ళొచ్చాను

నేను సింగపూర్ వెళ్ళింది ఊరు చూడటానికి కాదు, ఒక పెద్దావిడతో పోట్లాడటానికి. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ సుఖం.

మాది రాజమండ్రిలో పెళ్ళిళ్ళకీ ఉత్సవాలకీ పాడే ఆర్కెస్ట్రా. కీబోర్డు మా ఆయన ప్రసాదరావు, పాట నేను. ఎక్కడ కచేరీ పెట్టినా జనం ‘నీ చోటు నీదే’ పాడమని చీటీలు పంపేవారు. అది సినిమా పాట కాదు. మా పెళ్ళయిన కొత్తలో, తనే కట్టానని చెప్పి ఆయన నాకు నేర్పిన పాట. పాడే ముందు ‘రచన, బాణీ మా ప్రసాదరావు గారు’ అని ముప్ఫై ఏళ్ళు మైకులో చెప్పాను. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఈ వేసవిలో నా శిష్యురాలు మా పాత కచేరీ వీడియో ఒకటి ఇంటర్నెట్‌లో పెడితే, సింగపూర్ నుంచి సరోజ అనే ఆవిడ వాయిస్ మెసేజ్ పంపింది. “ఇది నా పాట అమ్మా. వయసులో ఉన్నప్పుడు ఇంగ్లీషులో పాడినాను. బాణీ కూడా నేనే కట్టినాను.” నాకు ఒళ్ళు మండింది. ఇది ఫోనులో తేలే విషయం కాదనిపించి, ఆవిడ అడ్రసు అడిగి, ఆయన చేతిరాత ఉన్న స్వరాల పుస్తకం బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను.

మధ్యాహ్నం రైలుకి విశాఖ చేరి, అక్కణ్ణించి విమానం ఎక్కాను. చాంగి విమానాశ్రయంలో దిగేసరికి ఉదయం ఆరు. మా అక్క కూతురు లావణ్య వచ్చి టాంపినీస్‌లో తన ఫ్లాటుకి తీసుకెళ్ళింది. బ్యాంకులో ఉద్యోగం తనకి. ఇడ్లీలు వడ్డిస్తూ, “పిన్నీ, ఆవిడకి సెవెంటీ ఫైవ్ దాకా ఉంటాయి. ప్లీజ్, అరవకు” అంది.

“నేనెప్పుడరిచానే?” అన్నాను, కాస్త గట్టిగానే.

మర్నాడు శనివారం తొమ్మిదిన్నరకి ఒక్కదాన్నే రైలెక్కాను. వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను: టాంపినీస్‌లో ఎక్కి పాయా లేబర్‌లో దిగాలి, అక్కడ లైను మారి సెరంగూన్, మళ్ళీ మారి ఆవిడ ఉండే హౌగాంగ్. టికెట్టు కొనక్కర్లేదు, గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. పాయా లేబర్‌లో జనాన్ని చూసి బోర్డుల కింద బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. పని బూట్లు తొడుక్కున్న ఒకతను నా చీర చూసి ఆగాడు. “సెరంగూనా అమ్మా? గీ ఎస్కలేటర్ మీద పోర్రి. ఎడమ దిక్కు నిలవడుర్రి, కుడి దిక్కు ఉరికేటోళ్ళది.” జగిత్యాల వైపు నుంచి బిల్డింగు పనికి వచ్చాడట. పేరు అడిగేలోపే వెళ్ళిపోయాడు.

పదిన్నరకి సరోజ ఆంటీ ఫ్లాటు తలుపు కొట్టాను. నాలుగో అంతస్తు, గుమ్మం ముందు తులసి కుండీ, లోపల పాత రికార్డులు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలయా తోటల్లో పనికి వచ్చారట. “వా మా, వా, లోపలికి రా. మకాన్ అయిందా? తే కలపనా?” అంది. తే అంటే టీ, మకాన్ అంటే భోజనం. నేను రెండూ వద్దన్నాను. ఆవిడ టీ తెచ్చింది.

డెబ్భైలలో ఆవిడ ఒక హోటల్ బ్యాండులో సోల్ పాటలు పాడేది. గుండెలోది దాచకుండా, బతిమాలినట్టూ దెబ్బలాడినట్టూ పాడే అమెరికా నల్లవాళ్ళ సంగీతం అది. టీ హోటల్లో ఒక ఆడపిల్ల రానివాడి కోసం పక్క కుర్చీ ఆపి పెట్టుకుని కూర్చుంటుంది. అదీ పాట. అప్పట్లో ఇక్కడి రేడియోలో రోజూ వచ్చేదట. తర్వాత మలయ్ వాళ్ళు పెళ్ళి డప్పులతో పాడారు. చైనా వాళ్ళు ఏడో నెలలో పితృదేవతల కోసం వేసే రోడ్డుపక్క స్టేజీల మీద రెట్టింపు వేగంతో పాడారు. అన్నీ వరసగా వినిపించింది. ఎక్కడ విన్నా మా పాటే, మా తెలుగు మాటలదీ ఆ కుర్చీ కథే.

అయినా ఊరుకోలేదు. పుస్తకం తెరిచి ముందు పెట్టాను. “రెండో చరణంలో ఎనిమిది మాత్రల సేపు పాటా వాద్యాలూ అన్నీ ఆగిపోతాయి ఆంటీ. జనం ఈలలేసేది అక్కడే. మీరు వినిపించిన వాటిలో ఒక్కదాన్లోనూ అది లేదు. ఇదిగో, ఆయన రాసుకున్నారు చూడండి.”

ఆవిడ నా వీడియో పెట్టింది. ఆ చోటు రాగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇది మా తమ్ముడి పని అమ్మా. షిప్‌యార్డులో మనవాళ్ళు అడిగితే వాడు క్యాసెట్టు కాపీలు తీసి ఇచ్చేవాడు. ఒకసారి మెషిన్ ఆ కాపీలు తీసే టేపునే నమిలేసింది. పాడైన ముక్క కోసి, ఖాళీ టేపు పెట్టి అతికించినాడు. ఊరికి పోయిన కాపీలన్నిట్లో ఆ ఖాళీ ఉంటది.”

తర్వాత అసలు రికార్డు వేసింది. నేను మాత్రలు లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకునే చోట ఒక పడుచు గొంతు పాడుతోంది. ‘నువ్వు రాకపోయినా సరే, ఈ కుర్చీలో ఇంకొకరిని కూర్చోనివ్వను’ అని దాని అర్థం. మా ఆయన ఆ క్యాసెట్టు విని, టేపు అతుకుని కూడా మాత్రలు కట్టి రాసుకున్నారు. ఆయనదే అనడానికి నేను పట్టుకొచ్చిన రుజువు ఆయనది కాదని తేల్చేసింది. ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నిజం చెబితే నేను పాడనన్నానా?

“మలయ్ వాళ్ళు అడగలేదు, చైనా వాళ్ళు అడగలేదు. నువ్వొక్కదానివే అడగడానికి ఇంత దూరం వచ్చినావు” అంది ఆంటీ.

“నేను అడగడానికి రాలేదండీ. మీది కాదని చెప్పడానికి వచ్చాను.”

“తెలుసు మా. ఆ పుస్తకం పట్టుకున్న తీరు చూస్తే తెలీదా? తే చల్లారిపోతోంది, తాగు.” గ్లాసు నా వైపు జరిపింది. “పాడుకో. పాడే ముందు నా పేరు చెప్పు. అంతే చాలు.”

సరే అనలేకపోయాను. ఆవిడ పేరు చెప్పాలంటే ఆయన పేరు తీసెయ్యాలి. ఆయనకి మిగిలిందల్లా ఆ ఒక్క పేరే. చూస్తానండీ అని లేచి వచ్చేశాను.

ఆదివారం లావణ్య పూలతోటలు తిప్పి చూపించింది. ఏం చూశానో గుర్తులేదు. సోమవారం సాయంత్రం విమానంలో నా పక్క సీటతను ఇచ్ఛాపురం వాడు. షిప్‌యార్డులో వెల్డరు, రెండేళ్ళ తర్వాత ఇంటికి వెళ్తున్నాడు. భోజనం ట్రేలు తీశాక నన్ను తేరిపార చూశాడు.

“మీరు ఆర్కెస్ట్రా మేడం కదండీ? మా చెల్లి పెళ్ళికి పాడేరు. నీ చోటు నీదే. మీ ఆయనగారు కట్టిన పాటంట కదండీ?”

ఔనంటే అక్కడితో అయిపోయేది. ముప్ఫై ఏళ్ళ అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది.

“కాదు బాబూ. హౌగాంగ్‌లో సరోజ ఆంటీ అని ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ పాట అది. మా ఆయన క్యాసెట్టులో విని నేర్చుకున్నారు.”

“ఒట్టి క్యాసెట్టు వినేనా? అన్ని వాయిద్యాలూ విడదీసి, మీ అందరిచేతా వాయించేసినారా? గట్టి చెవండీ ఆయనది.”

కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చాను. ఆయన్ని ముప్ఫై ఏళ్ళు స్టేజీల మీద పొగిడాను. అందులో ఇంత నిజమైన మాట ఒక్కటీ లేదు.