వాసన లేని సీసా

జమ్రియాంగ్ అత్త సముద్రంలో దిగిందంటే ఆ థాయ్ ఒడ్డంతా నవ్వేది. రబ్బరు తోటల్లో పాలు గీసేవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, నడుము నుంచి కాలివేళ్ళ దాకా బిగుతైన మేజోళ్ళు. ఎండ మండిపోతున్నా అదే వేషం.

"ఏమత్తా, పెళ్ళికా, దొంగతనానికా?" అని హోటల్ వంటవాడు తోంగ్‌డీ వంటింటి గుమ్మంలోంచి కేకేసేవాడు.

"నీ పులుసులో చేప పోయిందటగా, వెతకడానికి!" అని ఆమె తిరిగి కేకేసేది.

వానలు పడి, గాలి ఆగి, నీళ్ళు కదలక నిలిచిన రోజుల్లో పెట్టె ఆకారపు జెల్లీ చేపలు ఒడ్డుదాకా వస్తాయి. అవి కంటికి కనబడవు. వాటికి వేలాడే విషపు దారాలు ఒంటిని చుట్టుకుంటే నాలుగైదు నిమిషాల్లో గుండె ఆగవచ్చు. నడుమ పలుచని గుడ్డ ఉన్నా చాలు, కుట్టడం కష్టం. ఇది జమ్రియాంగ్ ఎక్కడా చదివి తెలుసుకున్నది కాదు. పద్నాలుగేళ్ళ కిందట చెల్లెలు లమై తొడనిండా వాతలతో ఒడ్డున పడి కేకలు పెడుతుంటే, బిందెడు మంచినీళ్ళు తెచ్చి కడిగిందీ, ఇసుక పెట్టి రుద్దిందీ తానే. మంచినీళ్ళు తగిలితే చర్మానికి అంటుకున్న దారాల్లో మిగిలిన విషం కూడా ఒంట్లోకి దిగుతుందనీ, పోయవలసింది వెనిగర్ అనీ ఆసుపత్రి నర్సు చెప్పేటప్పటికి లమై ముఖం మీద దుప్పటి కప్పేశారు.

నూరోరోజు కర్మ ముగిసిన మర్నాడే ఆమె ఒడ్డున ఒక గుంజ పాతింది. దానికి నాలుగు వెనిగర్ సీసాలు కట్టింది. పైన థాయ్, ఇంగ్లీషు, బర్మీ అక్షరాల్లో ఎర్రటి హెచ్చరిక పలక బిగించింది. ఆ గుంజ పక్కనే మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకుంటూ పద్నాలుగేళ్ళు దానికి కాపలా కాసింది.

ఈ ఏడు హోటల్ మేనేజరు ప్రవిత్ వచ్చి నిలబడ్డాడు. "అత్తా, మీ పలక చదివి నిన్న ఒక కుటుంబం గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. గుంజను వంటింటి వెనక్కి మార్చండి. సీసాలు ఎక్కడుంటే ఏం?"

"అవి కుట్టేది వంటింట్లో కాదు కదా బాబూ."

"అయితే మీ పొయ్యి కూడా ఎత్తేయండి. ఈ ఇసుక మాది."

తీరం ప్రజలందరిదని చట్టం. ఆ చట్టం ఆమె దాకా ఎన్నడూ నడిచి రాలేదు. వచ్చింది హోటల్ కంచె ఒక్కటే. మూడు రోజులు ఆలోచించి, నాలుగోనాడు గుంజను తన చేతులతోనే పెకలించి, సీసాలతో సహా వంటింటి వెనక్కి చేర్చింది.

వారం తిరగలేదు. హోటల్లో దుప్పట్లు ఉతికే బర్మా పిల్ల తాందాకు పని ముగిశాక ఒక మునక వేసి వెళ్ళడం అలవాటు. జమ్రియాంగ్ ఇచ్చిన మేజోళ్ళు తొడుక్కోనిదే దిగేది కాదు. ఆ సాయంత్రం మాత్రం నిక్కరుతో దిగింది. నడుంలోతు నీళ్ళలోంచి కేక వినబడగానే జమ్రియాంగ్ పొయ్యి వదిలి పరుగెత్తింది. పిల్లను ఒడ్డుకు ఈడ్చింది. రెండు కాళ్ళ మీదా తాళ్ళతో కొట్టినట్టు చారలు.

"పలక తీసేశారుగా అత్తా..." అంది తాందా, పళ్ళు కరచుకుని. "వాటి కాలం అయిపోయిందనుకున్నా."

జమ్రియాంగ్ వంటింటి వెనక్కి పరుగెత్తి సీసాలు తెచ్చింది. మొదటిది కాళ్ళ మీద పూర్తిగా కుమ్మరించింది. పిల్ల గావుకేక పెట్టి వెనక్కి విరుచుకు పడిపోయింది. ముక్కు అదిరే ఆ పులుపు వాసన రాలేదు. రెండో సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచినీళ్ళు.

తోంగ్‌డీ వెనకే వచ్చి ఆ సీసా చూశాడు. "నూడుల్స్ బల్లల మీద పెట్టే మిరపకాయల వెనిగర్ చాల్లేదత్తా, వీటిలోది తీసి వాడేశా. సీసాలు ఖాళీగా కనిపిస్తే నువ్వు తిడతావని నీళ్ళు పోసి పెట్టా. రేపు సంతలో కొని నింపేద్దామనుకున్నా."

ఆమె సీసా వదిలేసి, ఊపిరి ఆగిన పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆసుపత్రి పడవ వచ్చేదాకా తాందా గుండె మీద రెండు చేతులతో నొక్కుతూనే ఉంది. ఆ గుండె మళ్ళీ కొట్టుకోలేదు.

మర్నాడు ప్రవిత్, జరిగిందాని గురించి హోటల్ తరఫున రాసిన ఒక కాగితం తెచ్చాడు. హెచ్చరిక పలక ఉన్నదనీ, తక్షణమే వెనిగర్ పోశారనీ అందులో ఉంది. సాక్షి సంతకం కోసం కింద గీత.

జమ్రియాంగ్ ఆ గీత కింద రాసింది: "పోసింది నీళ్ళు. పోసింది నేను. పలక తీసిందీ నేనే, తీయమన్నది మేనేజరు."

"ఇదంతా రాయడానికి ఇందులో చోటు లేదత్తా," అన్నాడు ప్రవిత్, కాగితాన్ని మడుస్తూ.

మొదటి మాటలే ఉన్న ఇంకో కాగితం మీద తోంగ్‌డీ సంతకం చేశాడు. అదీ అవసరం పడలేదు. తాందా నీట మునిగి చనిపోయిందని నమోదైంది, నడుంలోతు నీళ్ళలో.

హోటల్ ముందు ఇప్పుడు అద్దాల పెట్టెలో వెనిగర్ సీసాలున్నాయి. ఎవరూ వంటకు వాడుకోకుండా పెట్టెకు తాళం వేశారు. తాళంచెవి ప్రవిత్ గదిలో ఉంటుంది.

జమ్రియాంగ్ పొయ్యి కంచె అవతలికి, రాళ్ళ వైపుకు పోయింది. అక్కడ పొత్తులు కొనేవాళ్ళు తక్కువ. పొయ్యి పక్కనే గుంజ, ఎర్ర పలక. రోజూ పొద్దున్నే నాలుగు సీసాల మూతలూ తీసి, ఒక్కొక్క దానిలోంచి ఒక్కొక్క చుక్క నాలుక మీద వేసుకుంటుంది. నాలుక చురుక్కుమనేదాకా ఆ వైపు ఎవరినీ నీళ్ళలో దిగనివ్వదు. చూసినవాళ్ళు నవ్వుతారు. తోంగ్‌డీ మాత్రం ఇప్పుడు వంటింటి గుమ్మంలోకి రాడు.