దసరా బొట్టు పెట్టించుకున్న హార్డ్ డిస్క్

అది 2016. బొబ్బిలిలో నా కంప్యూటర్ రిపేరు షాపు అప్పటికే బాగా నడుస్తోంది. షాపంటే మరేం లేదు, ఒక బల్ల, రెండు స్టూళ్ళు, గోడ నిండా వేలాడే వైర్లు. దసరా వెళ్ళిన వారంలో నాకు క్షణం తీరిక ఉండదు. ఆయుధపూజ పేరుతో మా జనం కంప్యూటర్లకు చేసే సేవ అలాంటిది. సీపీయూ నెత్తిన పసుపు, మానిటరుకు గంధం, కీబోర్డు సందుల్లో కుంకుమ. నా స్క్రూడ్రైవర్లకు నేనూ బొట్టు పెట్టేవాణ్ణే కాబట్టి ఎవరినీ ఏమీ అనను. కాస్త గొణుక్కుంటూ తుడిచి ఇస్తాను.

ఆ వారంలోనే ఒక ఉదయం కిరాణా సూరిబాబు వచ్చాడు. అతని కొట్టు మా వీధి చివరే. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటాం. జేబులోంచి అరచేతిలో పట్టే నల్లటి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అది ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. అంటే వైరుతో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్ళు దాచుకునే పెట్టె. దాని మీద వరసగా కుంకుమ బొట్లు ఉన్నాయి. వైరు దూర్చే చోట తవుడు కూరుకుపోయి ఉంది.

"బావా, ఇది కంప్యూటర్లో కనబడ్డం నేదు. ఓపాలి సూడు" అన్నాడు.

"ఈ తవుడేటి?"

"తడిసిపోనాది. బియ్యం తడి లాగీస్తాదని బస్తాలో పెట్టీసినాను."

"తడవడమేటి బావా, స్నానం సేయించినావా?"

అతను నవ్వలేదు. జరిగింది చెప్పాడు. పూజలో కాటా, తూనిక రాళ్ళ పక్కన దీన్ని కూడా అమ్మవారి ముందు పెట్టారు. సూరిబాబు ఉత్సాహంగా కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు చిమ్మి దీని మీద పడ్డాయి. గంటలు, హారతి హడావిడిలో ఎవరూ చూసుకోలేదు. సాయంత్రం బట్టతో తుడిచి వైరు తగిలిస్తే కాలిన వాసన వచ్చింది.

"మా అయ్యకి ఆ రోజు ఎంత భక్తనుకున్నావు! లేసి నిలబడి మరీ ఒకటే సప్పట్లు. అది సూసి మా ఇంటిది కళ్ళు తుడుసుకున్నాది" అని, ఆగి, మెల్లగా అన్నాడు. "ఇందల మా అయ్య గొంతుంది బావా."

వాళ్ళ అయ్య అప్పలనరసయ్య గారిని మా వీధిలో ఎరగనివాళ్ళు లేరు. ఆయన కొట్లో కూర్చుని కందిపప్పు ధర చెబితే నా షాపులోకి వినిపించేది. రెండేళ్ళ కిందట గొంతులో పుండు లేచి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, పలక మీద రాస్తూ బేరాలు కూడా చేస్తున్నాడు. మాట మాత్రం పోయింది. ఆపరేషన్ తప్పదని తెలిసినప్పటి నుంచి కోడలు పద్మ ఆయన ఏం మాట్లాడినా ఫోన్‌లో రికార్డు చేసింది. మనవరాలికి చెప్పిన కథలు, ఎక్కాలు, పండగల్లో కేకలు, కొడుకును తిట్టిన తిట్లు, అన్నీ ఇంట్లో కంప్యూటర్లో జాగ్రత్త పెట్టింది.

"అయితే భయం లేదు. కంప్యూటర్లో ఉంటాయి కదా, మళ్ళీ కాపీ చేద్దాం" అన్నాను.

"కంప్యూటర్లో ఎందుకుంటాయి? ఇందలకి మార్సీసినాను కదా!"

నాకు ఒళ్ళు మండింది. ఫైలును రెండో చోట పెట్టడానికి కాపీ అనే మాట ఉంది. ఇక్కడ తీసేసి అక్కడ పెట్టడం కట్. మా బావ అన్నీ కట్ చేశాడు. బ్యాకప్ అంటే ఒకే వస్తువు రెండు చోట్ల ఉండటం అని కాస్త గట్టిగానే చెప్పాను.

అతను నన్ను వింతగా చూశాడు. "సరుకు గొడౌన్లో దించీసినాక కొట్లో కూడా ఉంటాదేటి? రెండు సోట్లా ఉంటే అది దొంగ లెక్క బావా!"

తాతల నాటి వ్యాపారం అతని చేత అలా చేయించింది. కోపం కాస్తా నవ్వయింది. ముందు వాళ్ళింటికెళ్ళి రికవరీ సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. చెరిపేసిన ఫైళ్ళ ఆనవాళ్ళను వెతికే ప్రోగ్రామ్ అది. ఖాళీ అయిన చోటంతా సూరిబాబు సినిమాలతో నింపేశాడు. ఒక్క మాట కూడా దొరకలేదు. పద్మ నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నన్ను నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

ఇక మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. మర్నాడు షాపులో విప్పుతుంటే సూరిబాబు, పద్మ, అప్పలనరసయ్య గారు ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. పెద్దాయన పలక ఒళ్ళో పెట్టుకున్నారు. ఇలాంటి పెట్టెల్లో కొన్నిటికి లోపల డిస్క్ వేరు, దానికీ వైరుకూ మధ్య వంతెనలా పనిచేసే చిన్న సర్క్యూట్ బోర్డు వేరు. తడి ఆరకుండా కరెంటు ఇచ్చినందుకు ఆ బోర్డు నల్లగా మాడిపోయి ఉంది. డిస్క్‌కు మాత్రం అంచున కొబ్బరినీళ్ళు బంకలా అంటుకున్నాయంతే. స్పిరిట్‌తో మెల్లగా తుడిచి, ఆరబెట్టి, నా దగ్గరున్న వేరే కేసింగ్‌లో, అంటే వేరే పెట్టెలో బిగించాను. వైరు తగిలించేటప్పుడు, నిజం చెబుతున్నాను, నూకాలమ్మకు మొక్కుకున్నాను. కొబ్బరికాయ మాత్రం మొక్కలేదు.

డిస్క్ తిరిగింది. తెర మీద ఫోల్డర్లు వచ్చాయి. ముందుగా అన్నీ నా కంప్యూటర్లోకి కాపీ చేశాను. ఆ తర్వాతే చేతికందిన ఫైలు ఒకటి నొక్కాను. అది ఆపరేషన్‌కు ముందు వచ్చిన దసరా పూజ. గంట మోత, పిల్ల నవ్వు, వాటిని మించి పెద్దాయన గొంతు షాపు దద్దరిల్లేలా వినిపించింది.

"ఒరే సూరిగా! కాయ అవతల కొట్రా! కాటా మీద నీల్లు పడతాయి! నా మాట ఇనవేటిరా? ఆ గంట ఆపండర్రా ముందు!"

పెద్దాయన కంప్యూటర్ వైపు చూస్తూ రెండు చేతులూ ఎత్తి టపటపా చప్పట్లు కొట్టారు. సూరిబాబు నోరు తెరిచాడు.

"అయ్యా... మొన్న పూజలో నువ్వు సప్పట్లు కొట్టినావు. అది దీనికేటి?"

పెద్దాయన పలక తీసుకుని, పెద్ద అక్షరాలతో రాసి, కొడుకు ముక్కు కింద పెట్టారు. "భక్తి కాదు" అని ఉంది.

పద్మ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. "మావయ్యా, మల్లీ ఓపాలి ఇందామా?" అని అడిగింది. ఆయన తలాడించారు. తన గొంతు తను వింటూ ఆయన మొహంలో మెరిసిన దర్జా ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. అంత ఆనందం నా షాపులో అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఒక కాపీ ఇంటి కంప్యూటర్లో ఉంచమని, ఒకటి కొత్త కేసింగ్‌లో ఉంచి పూజకు దూరంగా పెట్టమని చెప్పాను. మూడోది ఇంటికి బయట ఉండాలి, గాలివానలొచ్చే మన వైపు అది తప్పదని అన్నాను. ఎక్కడ పెడతారో చెప్పమంటే పెద్దాయన సుద్దముక్కతో నా వైపు చూపించారు. ఆ కాపీ నా బీరువాలో ఉంది. అప్పటి నుంచి ఎవరు డిస్క్ తెచ్చినా నా మొదటి ప్రశ్న ఒక్కటే. ఇందులో ఉన్నది ఇంకెక్కడ ఉంది అని అడుగుతాను. ఇంకెక్కడా లేదంటే టీ ఇప్పించి, కాపీకీ కట్‌కీ తేడా చెప్పి గాని పంపను.

ఆ తర్వాతి దసరాకు వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. సూరిబాబు కాయ చేత్తో పట్టుకున్నాడో లేదో, పెద్దాయన చప్పట్లు కొట్టారు. పద్మ చటుక్కున గంట ఆపింది. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గుమ్మం అవతలికి వేలు చూపించారు. సూరిబాబు కాయ పట్టుకుని బుద్ధిగా అక్కడికి నడిచాడు.