నాన్న పీల్చిన కొండ

నేను సోషల్ టీచర్ని. కొండలు ఎలా పుడతాయో చెప్పే పాఠం వచ్చిందంటే చాలు, బోర్డు వైపు తిరిగితే వెనక ఎవరో దగ్గినట్టే ఉంటుంది.

తొంభైల చివర్లో, నేను తొమ్మిది చదువుతుండగా, మా సారు మిరపకాయలు ఆరబోసే పట్టా తెచ్చి బల్ల మీద పరిచి, ఇద్దరమ్మాయిలను చెరో వైపు నుంచి నెట్టమన్నారు. పట్టా మధ్యలో మడతలు పడి పైకి లేచింది. "అదేనర్రా కొండ," అన్నారు. నేల ఒక్క ముక్క కాదట. పెద్ద పెద్ద ఫలకాలుగా ఉండి, గోళ్ళు పెరిగినంత నిదానంగా కదులుతుందట. రెండు ఫలకాలు గుద్దుకుంటే మధ్యనున్న సముద్రపు బురద నలిగి, మడతపడి పైకి లేస్తుందట. హిమాలయాలు ఇప్పటికీ అలాగే పెరుగుతున్నాయన్నారు. మన నల్లమల వాటికంటే ఎంతో ముసలిదనీ, అలాంటి ఒత్తిడికే మార్కాపురం వైపు బురద పలకరాయి అయిందనీ చెప్పారు.

ఆ రాయిని కోసి బడిపిల్లల పలకలు చేసే ఫ్యాక్టరీలోనే మా నాన్న పని. అప్పటికి మూడేళ్ళుగా దగ్గు. ఊళ్ళో మందులిచ్చే ఆయన ఎక్స్‌రే కూడా తీయించకుండా టీబీ అని తేల్చేశాడు. ఇంకేముంది, అమ్మ నాన్నకి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి, వసారాలో మంచం వేసింది. నేనూ తక్కువదాన్నేం కాదు, నాన్న ఎదురుపడితే ఓణీ ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని.

ఆ సాయంత్రం గడప లోపలే నిలబడి పాఠం నాన్నకి అప్పజెప్పాను.

"బురదేనమ్మాయ్, నిజమే," అన్నాడు. "రాయి మీద నోటితో ఊది చూడు, మట్టి వాసన కొడుద్ది." పలక ముక్క తీసుకుని ఊదబోయాడు. దగ్గు తెర వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

మాత్రలు మింగీ మింగీ లాభం లేక, రెండేళ్ళ తర్వాత గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరు గారు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసి, ఏం పని చేస్తావని నాన్నని అడిగారు.

"ఇది టీబీ కాదయ్యా. రాతిపొడి. ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. తీయడం మా వల్ల కాదు."

ఎంత కాలం బతుకుతానని నాన్న అడగలేదు. "అయితే ఇది అంటుకోదాండీ?" అన్నాడు.

"అంటుకోదు."

"పిల్లలు నా పక్కన కూర్చుని తిన్నా ఏం అయ్యేది కాదాండీ?"

డాక్టరు గారు ఎక్స్‌రేని కవర్లో పెట్టి, "అయ్యేది కాదయ్యా," అన్నారు.

బస్సులో అమ్మ నరసరావుపేట దాకా ఏడుస్తూనే ఉంది. "ఐదేళ్ళు కుక్కకి వేసినట్టు వేశానయ్యా నీకు," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ మందులాయన మీద, అమ్మ మీద, నా మీద. బురద రాయి కావడానికి ఎన్ని కోట్ల ఏళ్ళు పట్టిందో. అది పొడై మా నాన్న రొమ్ములో చేరడానికి ఇరవై ఏళ్ళు చాలాయి.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ అందరికీ ఒకే వరసలో కంచాలు పెట్టింది. నాన్న తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పాడు అలవాటు, నేను కాస్త ఎడంగా జరిగాను.

నాన్న చూశాడు. కంచం తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు.

పోయేదాకా అక్కడే తిన్నాడు. కాళ్ళు పట్టుకుని బతిమాలినా లోపలికి రాలేదు.