హద్దురాయి దగ్గర గడ్డిచేమంతి

పాతకాలపు లెన్సు ఒకటి కొని కెమెరాకి తగిలించిన దగ్గర్నుంచి నాకు కాలు ఇంట్లో నిలవడం లేదు. దానికి ఆటోఫోకస్ లేదు. చుట్టూ ఉన్న రింగును చేత్తో తిప్పుతుంటే మసకలోంచి ఒక్కో వస్తువూ తేలి వస్తుంది. ఆ క్షణం కోసం ఎంత దూరమైనా పోతాను.

ఆ ఉదయం గురజాల అవతల ఒక మిరపచేను గట్టు మీద నాపరాతి హద్దురాయి కనిపించింది. దాని మొదట్లో ఒకే ఒక్క గడ్డిచేమంతి పూసింది. ఎగిరి గంతేసినంత పనైంది! గట్టు మీద బోర్లా పడుకుని రింగు తిప్పసాగాను.

"ఏందయ్యా, మా హద్దు కొలుస్తన్నావా? పక్క చేనోడు పంపిచ్చాడా?"

చేను రైతు కర్ర పట్టుకుని వచ్చేశాడు. మా పల్నాడులో హద్దురాయి దగ్గర వంగినవాడు ఎవడైనా సర్వేయర్ కిందే లెక్క.

"పువ్వు కోసం బాబాయ్," అన్నాను. నమ్మలేదు. "కావాలంటే నువ్వే చూడు," అని కెమెరా ఇచ్చి, రింగు చూపించాను.

కర్ర పక్కన పడేసి ఆయన కూడా బోర్లా పడుకున్నాడు. రింగు తిప్పాడు. పువ్వు తేలింది.

"అబ్బో!"

ఇంకొంచెం తిప్పేసరికి పువ్వు కరిగిపోయి, వెనకాల పక్కవాడి చేను పండుమిరపకాయలతో ఎర్రగా తేటపడింది. బాబాయ్ మొహం మాడిపోయింది.

"చానా కాసిందే వాడికి," అని గొణిగాడు. రింగు మళ్ళీ వెనక్కి తిప్పి, ఆ ఎరుపంతా మసకలో కలిసిపోయాక, కెమెరా జాగ్రత్తగా నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు తీయి. రింగు కదిలిచ్చావో, ఊరుకోను."