నీళ్ల మీదికి నీళ్లు

మా అత్త దాన్ని తొట్టి అంటుంది. కయాక్ అని ఎన్నిసార్లు చెప్పినా తొట్టే. పెనుకొండలో మా ఇంటి పక్క పట్టుపురుగుల షెడ్డుకు ఆనించి పెట్టిన పసుపుపచ్చ పడవను వచ్చేపోయేవాళ్లకు చూపించి, "ఎద్దుల్ని అమ్ముకోని తొట్టి తెచ్చుకున్యారు మావోళ్లు" అని నవ్వించేది.

దాన్ని బెంగళూరులో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాం. కొన్నాం అంటే, నేను కొన్నాను, మా ఆయన మోశాడు. ఈ పిచ్చి నాకు గోదావరి మీద పట్టింది. ఒక పెళ్లికని రాజమండ్రి పోతే చుట్టాలు మమ్మల్ని లాంచీ ఎక్కించారు. అందరం సమోసాలు తింటుంటే పక్కనుంచి ఒక సన్నటి పడవ పోయింది. అందులో నా ఈడు ఆడమనిషి ఒక్కతే తెడ్డు వేసుకుంటూ, ఎండకు కమిలిపోయి, ఎవరినీ అడగకుండా బయల్దేరిన ముఖంతో ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను సమోసా పట్టుకున్న చెయ్యి ఊపాను. ఆ సమోసా చెయ్యి గుర్తొస్తే నాకిప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అందుకని ధవళేశ్వరం ఆనకట్ట దిగువన నీళ్లలో దిగి, పాయ వెంబడి సముద్రం కనిపించేదాకా మేమిద్దరం తెడ్డు వేసుకుంటూ పోవాలని తీర్మానించాను. హిందూపురంలో పుట్టి పెనుకొండలో మెట్టినదాన్ని. ఏరంటే ఇసుక అనుకుంటూ పెరిగినదాన్ని. మా పెన్నేట్లో మేము ఆడింది కబడ్డీ. ఈతకు మాత్రం లోటు లేదు. మా నాయన వీపుకు బెండు కట్టి నన్ను బావిలోకి తోశాడు, మా ఆయన్ని వాళ్ల మామ బెండు కూడా కట్టకుండా తోశాడు. కాకపోతే బావి ఈతలో ఒక సుఖముంది, ఎటు కొట్టుకున్నా గోడ తగులుతుంది.

ఆ గోడ మాటే మా అత్తా అడిగింది. "ఆడ గట్టు యాడుంటాది?" అని. చాలా దూరంగా ఉంటుందన్నాను. ఆమె తీర్పు చెప్పింది. "సామానంతా ఏసుకోని, నా కండ్ల ముందర మన చెరువులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయి రాండి. తేలితే పోండి. మునిగితే తొట్టిని ఎవురికన్నా అమ్మేసి ఇంట్లో ఉండండి."

మా ఆయన వెంటనే తలూపాడు. అమ్మ మాట దాటే మనిషి కాదు, పైగా లోపల ఆయనకూ గుబులుంది. దాంతో నా గోదావరి మొత్తం మా ఊరి చెరువులో వచ్చి పడింది. కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచీ అది నిండుగానే ఉంటోంది. ఆ ఏడు వానలు కూడా తోడై మరవ పారుతోంది. చెరువు నిండి పొర్లే చోటును మేము మరవ అంటాం.

ఇక ఏర్పాట్లు. పట్టుపురుగులు పెంచే ఇంట్లో యాత్ర పెట్టుకోవడం బాలింత ఉన్న ఇంట్లో పెళ్లి పెట్టుకున్నట్టే. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్‌కు వేసి, షెడ్డు కడిగి, మళ్లీ పిల్లపురుగులు దిగేలోపు పోయి రావాలి. పడవ పోవడానికి మా అన్న ఒక చింతపండు లారీని మాట్లాడాడు. రాజమండ్రి దాకా మూటల మీద పడుకొని పోతుంది. మేము ధర్మవరం పోయి రైలెక్కాలి. అంతవరకూ బాగానే ఉంది. సముద్రం దగ్గర పోటు వేళ చూసుకొని ఆగాలని చెప్పేసరికి మా ఆయన తిరగబడ్డాడు.

"ఏరు ఎనక్కి పారుతుందా? ఎవురు జెప్పినారే నీకు?"

"పోటొస్తే సముద్రం నీళ్లు పైకి తోసుకొస్తాయంట."

"మన దగ్గర ముందుకు పారేదానికే దిక్కు ల్యాకపాయె, ఆడ ఎనక్కి గూడా పారుతుందంట!" అన్నాడు. నవ్వాను గానీ, ఆ మాటలో కుళ్లు ఎంతో, దుఃఖం ఎంతో నాకు తెలుసు.

లైఫ్ జాకెట్లు వచ్చిన రోజు ఆయన ఒకటి తొడుక్కుని సాయంత్రందాకా అరుగు మీద కూర్చున్నాడు. మా అత్త చూసి, "చలేస్తాండాదేమిరా?" అంది. గుడారాన్ని షెడ్డులో వేసి చూశాం, తీసి మడిచేసరికి పోట్లాడుకొని ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. నీళ్లు చొరబడని సంచుల్లో బట్టలు, బియ్యం, చిన్న గ్యాసు పొయ్యి సర్దాను. తిండి మా అత్త చేసింది. జొన్నరొట్టెలు ఎండబెట్టి, పప్పులపొడి కొట్టి, చెనక్కాయల ముద్దలు చుట్టి, "నేనే కడతా, నువ్వు జరుగు" అని మూట కట్టి పడవ ముక్కు వైపు తానే దూర్చింది. సర్దడంలో ఆమెను కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆదివారం పొద్దున్నే పడవను ట్రాక్టర్ ట్రాలీలో చెరువుకు తెచ్చాం. కొత్త బండికి చేసినట్టే మా అత్త పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. తర్వాత నిమ్మకాయలు చేతిలో పట్టుకొని పడవ చుట్టూ తిరిగింది. తొక్కించడానికి దానికి చక్రాల్లేవు. చివరికి ఆ నిమ్మకాయలు మా ఆయన కాలితో తొక్కాడు.

కట్ట మీద జనం చేరారు. "ఏమప్పా, చేపలకా?" అని ఒకరు, "ఇద్దరే పోతాండారా, ఎవురు దిగుతారు ముందు?" అని ఇంకొకరు. మేము ఎక్కి కూర్చుని తెడ్డు వేశాం. పడవ కదిలింది గానీ, తేలలేదు. బర్రె మాదిరి నీళ్లలో కూరుకుపోయి, వీపు మాత్రం బయట పెట్టి నడుస్తోంది. కాస్త పోయేసరికి పక్కనుంచి నీళ్లు నా ఒళ్లోకి వచ్చాయి. కట్ట మీద నుంచి మా అత్త, "ఎనక్కి రాండి! ఎనక్కి రాండ్రా!" అని కేకలు. నా గోదావరి ఆ కేకలోనే మునిగిపోయిందనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒడ్డుకు ఈడ్చి సామాను దింపసాగాం. ఆయన సీటు వెనక దుప్పటి తీస్తే కింద పెద్ద క్యాన్లు రెండు. మూత దాకా నీళ్లు.

"ఏమయ్యా ఇది? గోదావరికి నీళ్లు మోసకపోతావా?"

"ఊరు గాని ఊర్లో ఎట్లాటి నీళ్లుంటాయో. మన నీళ్లు మనకు ఉండల్ల గదా," అన్నాడు తలొంచుకుని.

ఇంకా తిడదామనుకున్నాను. అంతలో ఆయన నా కాళ్ల దగ్గరి బట్టల సంచి ఎత్తబోయి ఆగిపోయాడు. ఎత్తలేకపోయాడు. విప్పితే చీరల మధ్య వరసగా నేను పెట్టుకున్న నీళ్ల సీసాలు. కట్ట మీద నవ్వులే నవ్వులు.

అప్పుడే అనుమానమొచ్చి ముక్కు వైపు చెయ్యి పెట్టాను. రొట్టెల మూట వెనక పాత చీరలో చుట్టి, ముడి బిగించి, పెద్ద నూనె క్యాను. అందులోనూ నీళ్లే. నాకు చర్రుమంది.

"ముంచల్లనే పెట్టినావా అత్తా? పోకుండా చేయల్లనేనా?"

ఆమె ముఖం చిన్నబోయింది. "పోనీయనిదాన్నయితే నీళ్లెందుకు కడతానే? దప్పికైతే ఎట్లా అని పెట్టినా," అంది.

ఆమె గుడిబండ పక్క మెట్ట ఊర్లో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి బిందె మోసిన మనిషి. మమ్మల్ని పంపాలని నాకంటే ముందే ఒప్పేసుకుంది. నోటితో వద్దంటూనే చేత్తో సద్ది కట్టింది. సిగ్గేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ నీళ్లు పారబోయడానికి మా ముగ్గురిలో ఎవరికీ చెయ్యి రాలేదు. నిండు చెరువు ఎదురుగా ఉన్నా, క్యాన్లూ సీసాలూ జాగ్రత్తగా తెచ్చి ట్రాలీలో పెట్టుకున్నాం. మళ్లీ పడవ ఎక్కాం. ఈసారి అది ఆకు మాదిరి తేలింది. ఆ గట్టుకు పోయాం, వచ్చాం. జనం ఈలలు వేశారు. మా ఆయన జాకెట్ లోపల ఛాతీ ఇంకాస్త ఉబ్బింది.

దిగేసరికి మా అత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని మోకాళ్ల లోతులో నిలబడి ఉంది. "నన్నూ ఒగతూరి కూర్చోబెట్టే" అంది.

కొడుకు జాకెట్ ఆమెకు తొడిగి ముందు సీటులో కూర్చోబెట్టి నేను వెనక కూర్చున్నాను. ముందు రెండు అంచులూ గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండోది వదిలి నీళ్ల మీద పెట్టింది. తల వంచి నీళ్లలోకే చూస్తోంది. భయపడుతోందేమోనని తెడ్డు ఆపాను.

"ఇన్నేండ్లు ఈ నీళ్లు నా నెత్తికెక్కి తిరిగిండాయి గదే," అంది వెనక్కి తిరక్కుండానే. "ఈపొద్దు వీటి నెత్తికి నేనెక్కినా."

గట్టుకు తిప్పమంటావా అత్తా అని అడిగాను.

"ఎందుకంత తొందర? ఇంగొంచెం దూరం పోనీ," అంది.