ముంచి తేల్చిన పడవ

మా అక్కావాళ్ళ ఇంటి వెనక పాకలో ఒక చెక్క పడవ ఏళ్ళ తరబడి బోర్లా పడి ఉండేది. అది మా బావది. వాళ్ళ పెళ్ళినాటికే ఉంది. ఇంజన్లు బిగించిన ఫైబర్ పడవలు వచ్చాక అందరిలాగే ఆయనా దాన్ని గట్టు మీదికి లాగేశాడు. రాత్రుళ్ళు కోళ్ళు దాని మీదే పడుకునేవి. పగలు అక్క దాని మీద చేపలు ఆరబెట్టేది.

పోయినేడు ఎండాకాలం కాకినాడ హార్బర్లో నా పని కాస్త తెరిపిచ్చింది. నా పనంటే ఫైబర్ పడవలకు అతుకులు వేయడం. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఎవరో రిసార్టాయన వచ్చి మన పడవ చూసెళ్ళాడు. గేటు దగ్గర పెట్టి, మట్టి పోసి బంతిమొక్కలు వేత్తాడంట. ఇచ్చేద్దామంటే మీ బావ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. నువ్వొచ్చి ఏదో ఒకటి తేల్చు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పడవలో బంతిమొక్కలేంటండీ! ఎన్ని వరదలు దాటిందో లెక్కలేని పడవను పట్టుకుని పూలకుండీ చేస్తారా? మర్నాడే పనిముట్ల సంచి బండికి కట్టుకుని బయల్దేరాను. దారి పొడుగునా అక్కను ఏమేమి తిట్టాలో కూడబలుక్కున్నాను.

తీరా వెళ్ళాక ఆ కోపం నిలవలేదు. ఆ ముందటేడు వరదల్లో బావ వేరేవాళ్ళ పడవలో వెళ్ళి, వల లాగబోయి ఏట్లో పడ్డాడు. అప్పట్నుంచీ కుడి భుజం సరిగా లేవదు.

"సొంత పడవ నీళ్ళలో ఉంటే ఆయన కాలు ఇంట్లో నిలవదురా. ఒక్కడూ ఏటికెల్తే నాకు ముద్ద దిగదు. భయం. అంతే," అంది అక్క.

చివరికి తనే ఒక మాటకు వచ్చింది. బాగుచేసిన పడవ చుక్క నీరు రాకుండా తేలితే బావది. నీరొచ్చిందా, రిసార్టాయనది. బావ నా వైపు చూశాడు. చిన్నపిల్లాడు బొమ్మ లాక్కుంటారేమోనని చూసినట్టు చూశాడు.

పనిలో పడ్డాం. పాత తారు గీకేసరికి లోపల చెక్క ఇంకా గట్టిగా, ఎర్రగా ఉంది. పుచ్చిన పలకలు ఊడదీసి, మద్దిచెక్క కోయించి, చిత్రిక పట్టి బిగించాం. సందుల్లో నూనెలో నానిన పత్తి వత్తులు మొండి ఉలితో దట్టించి, పైన గుగ్గిలం కాచి పూశాం. ఆఖరున చెక్కంతటికీ జీడితొక్కల నూనె పట్టించాం. జంగారెడ్డిగూడెం వైపు నుంచి తెప్పించిన ఆ నూనె తగిలి నా మోచేతులు బొబ్బలెక్కాయి.

"అబ్బో, హార్బరు దొరగారి చేతులు సుకుమారమైపోయాయే!" అన్నాడు బావ.

"నీ పడవకి చెక్క చాలక నా తోలు కూడా కావాలా బావా?" అన్నాను.

ఒక్క దగ్గర మాత్రం ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. పడవ లోపల, ముందువైపు అడుగున ఒక పలక నిండా అడ్డదిడ్డంగా కత్తిగాట్లు. మధ్యలో నెర్రె కూడా విచ్చింది. మార్చేద్దామన్నాను. బావ వద్దన్నాడు. ఎందుకు వద్దో చెప్పడు. "ఉండనీరా," అంటాడు, అంతే.

"రేపు నీళ్ళు అందులోంచే వస్తాయి, అప్పుడు నన్నడక్కు!" అని సుత్తి పడేసి టీకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన ఎడంచేత్తోనే ఆ నెర్రెలో పత్తి కూరుతున్నాడు. నేనూ పక్కన కూర్చుని ఉలి పట్టుకున్నాను.

ఏళ్ళ తరబడి ఎండిన పడవ నీళ్ళలో వేయగానే తేలదు. చెక్క నీరు తాగి ఉబ్బితేగానీ సందులు బిగుసుకోవు. అందుకని మావాళ్ళు ముందు దాన్ని బండరాళ్ళు వేసి కాలవలో ముంచేస్తారు. మేమూ అలాగే ముంచి వదిలేశాం. ఆ సమయానికే రిసార్టాయన వచ్చాడు.

"అయ్యయ్యో, మునిగిపోయిందేంటండీ?"

"ఆయ్, మేమే ముంచామండి," అన్నాడు బావ.

ఆయనకు నమ్మకం కుదిరినట్టు లేదు. ఆదివారం వ్యాను తెస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ రోజుల్లో అక్క అంట్లు తోమే వంకతో సాయంత్రం పూట కాలవ మెట్ల మీద కూర్చుని, నీళ్ళ కింద కనపడే పడవ అంచు వైపే చూస్తుండేది.

ఆదివారం పొద్దున్నే రాళ్ళు తీసి, నీళ్ళు తోడేశాం. పడవ తేలింది. వ్యానుతో వచ్చిన రిసార్టాయన గట్టు మీద నిలబడ్డాడు. బావ గెడకర్ర అందుకోగానే అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ముందువైపు ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకే?" అన్నాడు బావ.

"నీరొచ్చిందో లేదో చూసేది నేను," అంది.

నేను మధ్యలో కూర్చున్నాను. బావ ఎడం భుజం మీదే బరువు వేసి వెనక నుంచి గెడ వేస్తున్నాడు. కాస్త దూరం వెళ్ళాక అక్క వంగి, అడుగు పలక మీద వేళ్ళు పెట్టింది.

"ఒరేయ్, ఇవి నేను ఎర కోసిన గాట్లు కదరా! పెళ్ళయిన కొత్తలో మీ బావ నన్నిక్కడే కూర్చోబెట్టి ఏటికి తీసుకెళ్ళేవోడు."

వెనక్కి తిరిగి బావను చూశాను. ఆయన అవతలి గట్టు చూస్తున్నాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆ గాట్ల మధ్య నెర్రె నుంచి నీరు ఊరుతోంది. అక్క నాకంటే ముందే చూసింది. భుజం మీది తువ్వాలు మడిచి దాని మీద వేసి, పాదంతో అదిమింది.

గట్టుకు రాగానే రిసార్టాయన అడిగాడు. "ఏవండీ, నీళ్ళేమైనా వచ్చాయా?"

"చుక్క కూడా రాలేదండి," అంది అక్క కాలు తీయకుండానే. "తమరి మొక్కలకి ఇంకేదన్నా చూసుకోండి."

బావ ముందు దిగి తాడు కట్టడానికి వెళ్ళాడు. నేను సిగ్గుతో, "రేపే ఆ పలక మార్చేస్తానక్కా," అన్నాను.

"మార్చావంటే ఊరుకోను," అంది అక్క మెల్లగా. "నీళ్ళు తోడడానికి నన్నెక్కించుకోకుండా మీ బావ ఏటికెలా ఎల్తాడో నేనూ చూత్తాను."